తిరిగిరాక కార్డు

కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీయడం నా పని. ఆ సాయంత్రం వానకి గిరాకీ లేక తొందరగా ఇంటికొచ్చాను. పాపకి అన్నం పెట్టి లోపలి గదిలో పడుకోబెట్టి, రోజూలాగే బల్ల దగ్గర కూర్చున్నాను.

బల్ల మీద మా కార్డులాట సగంలో ఉంది. ఆసుపత్రికి బయల్దేరుతూ మా ఆవిడ, "కార్డులు కదిపారో, ఊరుకోను. వచ్చాక ఆడదాం," అంది. మళ్ళీ రాలేదు. నేనూ కదపలేదు. దుమ్ము తుడిచినా, ఆమె బోర్లించి పెట్టిన కార్డుల చుట్టూనే తుడిచేవాణ్ణి.

లెక్కల టీచరు కదా, రూల్సుతో నన్ను కాల్చుకుతినేది. ఏ కార్డు వేసినా దానిమీది చిన్న అక్షరాలు పైకి చదవాలి. ఎదుటివాళ్ళు "సరే" అనేదాకా అది పనిచేయదు. ఒకవేళ వాళ్ళు దానిమీద ఇంకో కార్డు వేస్తే, చివర వేసిందే ముందు పనిచేస్తుంది. "రూల్సమ్మా!" అని వెక్కిరించేవాణ్ణి. ఇప్పుడు వెక్కిరించడానికి మనిషి లేదు. ఎదురుగా ఆమె కుర్చీ ఖాళీగా ఉంది.

ఆట ఆగినప్పుడు వంతు నాది. చేతిలో 'తిరిగిరాక' ఉంది. పిచ్చే అనుకోండి... దాన్ని బల్ల మధ్యలో వేసి పైకి చదివాను.

"పోయినవాళ్ళలో ఒకరిని వెనక్కి తెచ్చుకో. బదులుగా నీ వైపు ఉన్నవాళ్ళలో ఒకరు పోతారు. ఎవరన్నది నువ్వు ఎంచుకోకూడదు."

"నువ్వు రా," అన్నాను. "నేను పోతాను."

వాన చప్పుడు ఆగిపోయింది. కిటికీ అవతల వాన కురుస్తూనే ఉంది... చప్పుడే లేదు. తడి సుద్దముక్క వాసన వేసింది. బడి నుంచి వచ్చినప్పుడు ఆమె చేతులకుండే వాసన. ఎదుటి కుర్చీ కిర్రుమంది.

"సరే అను," గొణిగాను. "ఒక్కసారి..."

లోపల పాప దగ్గింది. ఇంకోసారి దగ్గింది. తర్వాత... ఊపిరి కూడా వినిపించలేదు.

నా వైపు ఉన్నది నేనొక్కడినే కాదని అప్పుడు గుర్తొచ్చింది.

కార్డు లాక్కోబోయాను. చెయ్యి లేవలేదు. వేసిన కార్డు వెనక్కి తీసుకోకూడదు. ఎంత బతిమాలినా ఆమె ఎప్పుడూ తీసుకోనివ్వలేదు.

ఆమె కార్డుల్లో ఒకటి కదిలింది. మెల్లగా జరిగి... నా కార్డు మీదికొచ్చి తిరగబడింది. 'నిరాకరణ'. కింది కార్డును రద్దు చేసేది. మా ఆటలో అలాంటిది అదొక్కటే.

"పాపని చూడండి," అంది ఆమె గొంతు, వినీ వినబడకుండా.

వాన హోరు ఒక్కసారిగా ఇంట్లోకొచ్చింది. పరిగెత్తాను. పాప కళ్ళు తెరిచి, "నాన్నా, చలేస్తోంది," అంది. గుండెకి హత్తుకుని భోరున ఏడ్చాను. వచ్చే దారి ఉండి కూడా ఆమె రాలేదు. ఉన్న ఒక్క కార్డునూ మా కోసం వాడేసింది.

ఇక ఆ ఆట పెట్టెలో పెట్టేద్దామని, పాపని భుజానేసుకుని బల్ల దగ్గరికొచ్చాను. వాడిన కార్డులు రెండూ పద్ధతిగా పక్కన పెట్టి ఉన్నాయి. నేను కూర్చునే చోట మాత్రం ఇంకో కార్డు బోర్లా ఉంది. తిప్పాను.

'తిరిగిరాక'. మా పెట్టెలో ఆ కార్డు ఒక్కటే ఉండేది.

నేను నోరు తెరవలేదు. నా భుజం మీద, ఇంకా అక్షరాలు రాని మా పాప మెల్లగా చదవడం మొదలుపెట్టింది.

"పోయినవాళ్ళలో ఒకరిని..."