రాణి పగడం పిల్లలు

సోమవారం ఉదయం ఏడుంపావుకి ఏడో ట్యాంకు మూత ఎత్తిన పగడాలమ్మకి లోపల నలభై రెండు శవాలు కనిపించాయి.

మనుషులవి కావు. పగడాలవి.

శనివారం సాయంత్రం దాకా తేనెరంగులో మెరిసిన కొమ్మలు ఎముకల్లా తెల్లబడి ఉన్నాయి. నీళ్ళు మాత్రం అద్దంలా ఉన్నాయి. ఆమె చేతిలోని మూత జారి నేలమీద పడింది.

ఎనిమిదింటికి ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. వెంట హెడ్ కానిస్టేబుల్.

"రాళ్ళకి కూడా పంచనామానా సార్?" హెడ్డు గొణిగాడు.

"రాళ్ళు కావయ్యా. ప్రాణులు," అంది పగడాలమ్మ. ల్యాబ్ పెద్ద ఆమె. అసలు పేరు అక్కడ ఎవరూ వాడరు. "సముద్రం అడుగున దిబ్బలు కట్టేది ఇవే. నీళ్ళు రెండు డిగ్రీలు వేడెక్కి అలాగే ఉండిపోతే తెల్లబడి చస్తాయి. మన తీరం వెంట దిబ్బంతా అలాగే పోయింది."

"ఇవీ అలాగే పోయాయా?"

"ఇవి పోకూడదు!"

ఆమె ఒకటో ట్యాంకు వైపు చెయ్యి చూపించింది. అందులో ఒకే ఒక పెద్ద పగడం.

"అది రాణి. ఉడుకు మడుగు నుంచి తెచ్చాం. మధ్యాహ్నమైతే చెయ్యి పెట్టలేని నీళ్ళు అవి. ఈ నలభై రెండూ దాని పిల్లలు. ఇక్కడే గుడ్లు పొదిగించి, చల్లటి నీళ్ళలో పెంచాం. అయినా ప్రతి వేడి పరీక్షా నెగ్గాయి. అంటే ఆ ఓర్పు మడుగు నేర్పింది కాదు, జన్యువుల్లోనే ఉందన్నమాట. ఇవాళ పదకొండింటికి బయటి నిపుణులు వచ్చి ముక్కలు తీసుకెళ్ళాలి. వాళ్ళు ఔనంటే వీటి సంతానాన్ని దిబ్బంతా నాటేవాళ్ళం. నాలుగేళ్ళండీ... నాలుగేళ్ళు."

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. వెనక నుంచి ఒక చెయ్యి ఆమె భుజం మీద పడింది.

"ఏడవకక్కా. నేనున్నాగా."

ఆమె సొంత తమ్ముడు. అమ్మానాన్నా పోయాక ఆమే పెంచింది, చదివించింది. ఇక్కడ జన్యు పరీక్షలన్నీ అతనివే. ఆమె పిలుపు విని విని ల్యాబంతా అతన్ని తమ్ముడనే అంటుంది.

అతను ఒక కాగితం అందించాడు. ఏడో ట్యాంకు టెంపరేచర్ రికార్డు.

ఆదివారం మధ్యాహ్నం 2.05: ఇరవై ఏడు డిగ్రీలు.

2.25: ముప్పై ఏడు.

నాలుగింటిదాకా అదే వేడి.

"ఎంత ఓర్పున్నా ముప్పై ఏడంటే కష్టం సార్," అన్నాడు తమ్ముడు. "ఎవరో హీటరు పెంచారు."

"తాళాలు ఎవరి దగ్గరున్నాయి?"

"అక్క దగ్గర, నా దగ్గర, నీళ్ళాయన దగ్గర. ట్యాంకుల నీళ్ళు చూసేది ఆయనే. ఉప్పు కొలత తప్పాడని శనివారం అక్క గట్టిగా కేకలేసింది. ఉద్యోగం తీసేస్తానంది. అంతకంటే నేను చెప్పకూడదు."

చెప్పాల్సిందంతా చెప్పేసి చెప్పకూడదంటాడేమిటి, అనుకున్నాడు ఇన్‌స్పెక్టర్. ట్యాంకు మీదికి వంగి గాలి పీల్చాడు. తర్వాత మూల ఉన్న సింకు దగ్గరికి వెళ్ళి మళ్ళీ పీల్చాడు.

"మా సారుకి కళ్ళకంటే ముక్కు ముందు నడుస్తుంది," హెడ్డు సంజాయిషీ ఇచ్చాడు.

నీళ్ళాయన పంపుల గదిలో దొరికాడు. యాభై దాటినవాడు. ఉప్పుకి బీటలు వారిన వేళ్ళు.

"నిన్న మధ్యాహ్నం ఎక్కడున్నావు?"

"ఇంట్లో. మా ఆవిడతో పోట్లాడుతున్నాను."

"సాక్షులు?"

"వీధి వీధంతా."

హెడ్డు నవ్వు ఆపుకున్నాడు.

"మేడమ్ మీద కోపం ఉందా?"

"ఉంది. కోపముంటే ఆవిడ మీద అరుస్తాను గానీ నోరులేని వాటిని చంపుతానా? ఇలా రండి సార్."

అతను వాళ్ళని ఏడో ట్యాంకు దగ్గరికి తీసుకొచ్చాడు. అద్దానికి నాచు తినే చిన్న నత్తలు ఏడెనిమిది అంటుకుని ఉన్నాయి. నింపాదిగా పాకుతున్నాయి.

"ముప్పై ఏడు డిగ్రీల్లో గంటన్నర ఉంటే ఇవి రాలిపోవాలి. షికారు చేస్తున్నాయి చూడండి! ఇంకోటి. ఇందులో నీళ్ళు రెండు వేల లీటర్లు. ఇరవై నిమిషాల్లో పది డిగ్రీలా? మా ఇంట్లో బకెట్టు నీళ్ళే అంత తొందరగా కాగవు."

"ఇదంతా మేడమ్‌కి చెప్పావా?"

"నోరు తెరిచాను. తమ్ముడు చెప్పాడు, నువ్వే చేశావు, ఇంకేం మాట్లాడకు అంది." నీళ్ళాయన కళ్ళు దించుకున్నాడు. "పందొమ్మిదేళ్ళు సార్. ఒక్క మాట విని ఉండొచ్చు."

ఇన్‌స్పెక్టర్ చూపు కిటికీ పక్కన ఉన్న చిన్న గాజుతొట్టి మీద ఆగింది. అందులో వేలెడేసి పగడపు ముక్కలు. ఒక్కోదానికీ ఒక చీటీ.

"అదేమిటి?"

"ఆసుపత్రి. తుడిచేటప్పుడు అప్పుడప్పుడు కొనలు విరుగుతాయి. పారెయ్యమని తమ్ముడుగారి ఆర్డరు. ప్రాణమున్నదాన్ని ఎలా పారేస్తాం? ఆయన చేతులు తడుపుకోరు, ఇటు రారు. ఏ ట్యాంకుదో, ఏ రోజు విరిగిందో రాసి ఇందులో బతికించుకుంటాను."

ఒక చీటీ మీద ఏడు అని ఉంది. మూడు వారాల కిందటి తేదీ. ముక్క తేనెరంగులో నిగనిగలాడుతోంది.

"ఈ ముక్క సంగతి ఇంకెవరికీ చెప్పకు," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

ఆ మధ్యాహ్నమే రెండు సీల్డ్ సీసాలు వేరే ఊరి ల్యాబ్‌కి వెళ్ళాయి. ఒకదాంట్లో ఆ ముక్క. రెండోదాంట్లో రాణి కొన.

శుక్రవారం పదకొండు గంటలకి ఇన్‌స్పెక్టర్ ముగ్గుర్నీ ఏడో ట్యాంకు ముందు నిలబెట్టాడు. తమ్ముడు అక్క పక్కనే నిలబడ్డాడు. నీళ్ళాయన దూరంగా, గోడవారగా.

"చచ్చింది ఏదైనా కంపు కొట్టాలి," మొదలుపెట్టాడు ఇన్‌స్పెక్టర్. "నలభై రెండు ప్రాణులు వేడికి చస్తే ఒంటి కండ కరిగి నీళ్ళు గంజిలా అవ్వాలి. ముక్కు మూసుకోకుండా ఈ గదిలోకి రాలేకపోవాలి. ఆ రోజు నీళ్ళు తేటగా ఉన్నాయి. ఉన్న వాసన ఒక్కటే. సింకు దగ్గర, బ్లీచింగ్ వాసన. మేడమ్, మీకు అనుమానం రాలేదా?"

"చూడగానే ఏడుపొచ్చింది," అంది పగడాలమ్మ. "ఇంకేం చూడలేదు."

"చేసినవాడు నమ్ముకున్నది ఆ ఏడుపునే. ట్యాంకు వేడెక్కనేలేదు. రికార్డు కోసం సెన్సర్ వైరుని వేడినీళ్ళ ఫ్లాస్కులో ముంచారు. పగడాల్ని బయటికి తీసి, బ్లీచింగ్ నీళ్ళలో నానబెట్టి, కడిగి మళ్ళీ సర్దారు. నత్తలు అద్దం మీదే ఉండిపోయాయి కాబట్టి బతికాయి."

"చంపాలంటే వేడి పెడితే చాలదా సార్? ఇంత చాకిరేవు ఎందుకు?" అన్నాడు హెడ్డు.

"అదీ ప్రశ్న. వేడికి చచ్చినదాంట్లో జన్యువులు మిగులుతాయి. బయటివాళ్ళు పరీక్షిస్తారు. బ్లీచింగ్‌లో కడిగితే సున్నపు ఎముక తప్ప ఏమీ మిగలదు. అతని భయం వాటి ప్రాణం గురించి కాదు. వాటి వంశం గురించి."

ఇన్‌స్పెక్టర్ జేబులోంచి రిపోర్టు తీశాడు.

"కానీ ఏడో ట్యాంకు ముక్క ఒకటి ఆసుపత్రిలో బతికుంది. అది రాణి బిడ్డ కాదు. రాణికీ దానికీ తల్లీబిడ్డల పోలికే లేదు."

తమ్ముడి ముఖంలో నెత్తుటిచుక్క లేదు.

"తప్పు!" పగడాలమ్మ ఒక అడుగు ముందుకేసింది. "ఆ ల్యాబ్‌వాళ్ళు పొరపడి ఉంటారు. నాలుగేళ్ళుగా ప్రతి పిల్లనీ పరీక్షించాం. ప్రతిసారీ రాణి బిడ్డే అని తేలింది. ఆ రిపోర్టులన్నీ మావాడే స్వయంగా..."

ఆ మాట అక్కడే ఆగిపోయింది.

ఆమె మెల్లగా పక్కకి తిరిగింది.

"ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు సార్," హెడ్డు గొంతు తగ్గించి అన్నాడు.

"ఈశ్వరుడికి నత్తలు సాక్ష్యం చెప్పలేదు," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఏరా?" అంది పగడాలమ్మ. అంతే అడిగింది.

తమ్ముడు స్టూలు మీద కూలబడ్డాడు.

"నేనే అక్కా. మొదటి ఏడాది నువ్వు మీటింగుకి వెళ్ళిన వారంలో వేడి పరీక్ష పెట్టాను. రాణి పిల్లలన్నీ రెండ్రోజుల్లో తెల్లబడిపోయాయి. ఒక్కటి మిగల్లేదు. ఆ ఓర్పు మడుగు నేర్పిందే అక్కా, పిల్లలకి రాలేదు. నువ్వు ఫోన్ చేసి, బతికాయా అనడిగావు. నీ గొంతు విని బతికాయన్నాను. నీళ్ళాయనకి సెలవిచ్చి, మడుగుకి వెళ్ళి, అదే సైజు ముక్కలు ఏరుకొచ్చి పెట్టాను. ఆ తర్వాత ఆగడం కుదర్లేదు. మన చల్లటి నీళ్ళలో ఏడాదుంటే అవీ ఓర్పు మరిచిపోతున్నాయి. అందుకే ప్రతి ఏడూ, పరీక్షకి ముందు, కొత్తవి. రిపోర్టులు ఇంట్లో కూర్చుని రాశాను. నువ్వు నాకు అన్నం పెట్టేదానివే, ఆ బల్ల మీద. బయటివాళ్ళు వస్తున్నారంటే నిద్ర పట్టలేదు. నీళ్ళాయన ఉప్పు కొలత ఎప్పుడూ తప్పలేదు. శనివారం మార్చింది నేను. ఆయన మీదికి పోవాలని. నువ్వు ఆయన్ని ఒక్క ప్రశ్న వేసినా నేను ఆ రోజే దొరికేవాణ్ణి. వెయ్యవని తెలుసు. నేనేం చెప్పినా నమ్ముతావక్కా. నాలుగేళ్ళూ నాకున్న ధైర్యం అదొక్కటే."