మూత లోపలి పెన్సిల్ రాత

"మళ్ళీ ఎడమ స్పీకర్ మూగబోయిందండీ," అంటూ అతను ఆంప్లిఫయర్‌ని బల్ల మీద దింపాడు.

ఆ దింపడం కూడా కోపంగానే దింపాడనిపించింది ఆమెకి. ఏడాదిలో ఇది మూడోసారి. మొదటిసారి నవ్వుతూ తెచ్చాడు, రెండోసారి నవ్వుతూ పట్టుకెళ్ళాడు. ఈసారి మొహంలో నవ్వు లేదు సరికదా, చెవులు ఎర్రబడి ఉన్నాయి.

మామూలుగా అయితే అతను గుమ్మంలో కనబడగానే ఆమె జడ సర్దుకునేది. మనసులో అతనికి 'ఎడమ స్పీకర్ గారు' అని పేరు కూడా పెట్టేసుకుంది. ఇవాళ మాత్రం చెయ్యి జడ దాకా వెళ్ళలేదు. చూపు మందగించి ఏడాదిగా ఇంటిపట్టునే ఉన్న నాన్న, కంటి ఆపరేషన్ తర్వాత రిపేరు షాపుకి రావడం ఇవాళే మొదలు మరి.

"మళ్ళీనా?" నాన్న కుర్చీలోంచి లేచాడు. "మన దగ్గర బాగుచేసిన సెట్టు తిరిగొచ్చిందా! జరగమ్మా, నేను చూస్తాను."

"నువ్వెందుకు నాన్నా! కళ్ళకి శ్రమ ఇవ్వొద్దన్నాడుగా డాక్టరు. నేను చూస్తాలే."

"అవునండీ, మీరు కష్టపడకండి," అతను కూడా గబగబా అందుకున్నాడు. "ఆవిడే చూస్తారు. నాకేం తొందర లేదు."

నాన్న ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ఏం బాబూ, నా చేతి మీద నమ్మకం లేదా? మీ తాతగారు కొన్నప్పటినుంచీ ఈ సెట్టుని చూస్తున్నవాణ్ణి. అప్పటికి నువ్వింకా పుట్టనేలేదు."

నాన్న స్క్రూడ్రైవర్ అందుకున్నాడు.

నాన్నకో నియమం ఉంది. ఏ సెట్టు విప్పినా ఏం మార్చారో, ఏం మార్చలేదో, ఎందుకో, తేదీ వేసి మూత లోపలివైపు పెన్సిల్‌తో రాయాలి. పదేళ్ళ తర్వాత విప్పేవాడు తడుముకోకూడదు. అబద్ధం మాత్రం రాయకూడదు. పాత పార్టు ఉంచేసి కొత్తది వేసినట్టు రాశాడని సొంత తమ్ముణ్ణే రిపేరు బెంచీ మీంచి లేపి పంపించేశాడు. బాబాయి ఇప్పటికీ ఈ వీధిలోకి రాడు.

ఆమె అబద్ధం రాయలేదు. అదే ఇప్పుడు కొంప ముంచేలా ఉంది.

ఆ సెట్టు జబ్బు చిన్నదే. శబ్దాన్ని స్పీకర్లకి అందించే దారిలో రిలే అని అగ్గిపెట్టె కంటే చిన్న ముక్క ఒకటుంటుంది. దాని కాంటాక్టులు నల్లబడితే ఒకవైపు నోరు పడిపోతుంది. తుడిస్తే కొన్ని నెలలు పాడుతుంది. కొత్తది వేస్తే ఏళ్ళ తరబడి చూడక్కర్లేదు. మొదటిసారి కొత్త రిలే దొరక్క తుడిచి ఇచ్చింది. రెండోసారికి దొరికింది, సొరుగులోనే ఉంది. అయినా పాతదాన్నే తుడిచింది. తుడిచి, అలవాటు కొద్దీ పెన్సిల్ తీసి, ఉన్నదున్నట్టు రాసేసింది.

"కొత్త రిలే సొరుగులో ఉంది. మార్చలేదు. మారిస్తే ఈయన మళ్ళీ రాడు."

మళ్ళీ విప్పేది తనే కదా, అప్పుడు చెరిపేయొచ్చులే అనుకుంది.

మూతకి ఆరు స్క్రూలు. ఒకటి వచ్చింది. రెండు. మూడోదాని దగ్గర నాన్న చెయ్యి ఆగింది.

"దీని తల ఎవరో చెక్కేశారే! వేరే షాపుకి గానీ ఇచ్చావా బాబూ?"

"లేదండీ."

"మరెవరు విప్పారు?"

అతను తలెత్తి ఫ్యాను రెక్కలు లెక్కపెడుతున్నట్టు నిలబడ్డాడు.

ఆమెకి అర్థమైంది. ఎవరో విప్పారు. చదివారు. ఇతనికి చెప్పారు. అందుకే ఈ మొహం, అందుకే ఈ ముక్తసరి మాటలు. ఆ రాత చూపించి తనని కడిగేయడానికి వచ్చాడు కాబోలు, ఇప్పుడది నాన్నే చదువుతాడు. ఈ బెంచీ పోతే తను ఏమైపోతుంది? ఆ ఆలోచనకే ఏడుపొచ్చింది.

నాలుగు. అయిదు.

ఆమె మూత మీద చెయ్యి పెట్టేసింది. "నాన్నా, ఆగు. చదవకముందే నేను చెప్తాను. పోయినసారి కొత్త రిలే ఉండి కూడా వెయ్యలేదు. కావాలనే."

"ఎందుకని?"

"ఈయన మళ్ళీ వస్తారని."

ఆమె అతనివైపు తిరిగింది. "క్షమించండి. మీ తాతగారి సెట్టుతో ఆటలాడాను. మీకు కోపం రావడంలో తప్పులేదు. ఇప్పుడే కొత్తది వేసేస్తాను. ఇక మీరు ఇక్కడికి రావలసిన పనుండదు."

"కోపమా? నాకా?" అన్నాడతను అయోమయంగా.

నాన్న ఆరో స్క్రూ తీసి, మూతని ట్యూబ్‌లైటు కిందకి తిప్పాడు. కొత్త కళ్ళతో చాలాసేపు చదివాడు.

"ఈ కింద పెన్నుతో రాసిందెవరు? మన షాపులో పెన్ను వాడం."

ఆమె వంగి చూసింది. తన రాత కింద, వంకర టింకర నీలం అక్షరాలు.

"మార్చినా వస్తాను."

"రెండు నెలల క్రితం ఆగిపోతే నేనే చూద్దామని విప్పానండీ," అతను నీళ్ళు నమిలాడు. "చదివాను. కింద రాశాను. కానీ ఇక్కడిదాకా తెచ్చే ధైర్యం ఇవాళే వచ్చింది. ఆవిడొక్కరే ఉంటారు, మూత తీసి చదువుకుంటారు అనుకున్నాను. మీరుంటారని తెలీదు."

"దేంతో విప్పావ్?"

"వంటింటి చాకుతో."

"చాకుతోనా!" నాన్న నెత్తి కొట్టుకున్నాడు. అంతసేపట్లో ఆయనకి నిజంగా బాధ కలిగింది అప్పుడే.

తర్వాత సొరుగు లాగి, కొత్త రిలే తీసి కూతురి ముందు పెట్టాడు. "ముందు పని."

ఆమె పాతది ఊడదీసి కొత్తది అతికించింది. అతను టేబుల్ లైటు పట్టుకుని నిలబడ్డాడు. ఆ వెలుగు రిలే మీద కంటే ఆమె మొహం మీదే ఎక్కువ పడింది. స్విచ్ వేయగానే రెండు స్పీకర్లూ ఒక్కసారే పలికాయి.

"మీ బాబాయి దాచాడు. నువ్వు మూత తీయకముందే చెప్పావు," అన్నాడు నాన్న. "అందుకని ఈ ఒక్కసారికీ బెంచీ నీదే. ఇంకోసారి ఇలాంటి పని చేశావో, కూతురివని చూడను."

ఆమె కళ్ళు తుడుచుకుని తలూపింది. నాన్న చెవి మీంచి పెన్సిల్ తీసి, తేదీ వేసి, నీలం అక్షరాల కింద రాయడం మొదలుపెట్టాడు. ఇద్దరూ చెరోవైపునుంచీ వంగి చదివారు.

"రిలే మార్చాం. ఇక ఈ సెట్టు మోసుకు రానక్కర్లేదు. ఆదివారం అమ్మానాన్నల్ని తీసుకుని ఇంటికి రావాలి."

"చదివావుగా బాబూ? ఇక మూత బిగించు," అంటూ నాన్న అతని చేతిలో స్క్రూడ్రైవర్ పెట్టి, బయట గాలి పీల్చుకొస్తానని వెళ్ళిపోయాడు.

ఆరు స్క్రూలు బిగించడానికి అతనికి అరగంట పట్టింది. ఆమె ఒక్కసారి కూడా తొందరపెట్టలేదు.