పట్టపగటి ధ్రువుడు

మూడువేల మూడువందల పదో సంవత్సరం, మాఘమాసం. కృష్ణా ముఖద్వారం దగ్గర సముద్రం మీద తేలే పట్నంలో, పగలు పదకొండు గంటలకు హిమజ పెళ్లి ఆగిపోయింది. లాంఛనాల దగ్గర కాదు, చుక్క దగ్గర.

"ధ్రువదర్శనం చేయించాలి. ఏ ధ్రువుణ్ణి చూపించమంటారు?" అన్నారు పురోహితులు సోమయాజులుగారు.

తిరిగే బొంగరం తల ఊపినట్టే భూమి అక్షమూ ఊగుతుంది. ఒక్క చుట్టుకి ఇరవయ్యారు వేల ఏళ్లు. ఈ అక్షచలనం వల్ల ఉత్తరధ్రువం పాత ధ్రువనక్షత్రాన్ని విడిచి, నారింజరంగు చుక్క 'ఎర్రై' దగ్గరికి జరిగింది. జనం నోట అది ఎర్రాయి అయింది.

"తరతరాలుగా మేం మొక్కేది పాత ధ్రువుడికే" అన్నాడు పెళ్లికొడుకు తండ్రి కోటిలింగం.

"చోటు తప్పినవాణ్ణి చూపించి, స్థిరంగా ఉండమంటారా బావగారూ? మా అమ్మాయి ఎర్రాయినే చూస్తుంది" అన్నాడు హిమజ తండ్రి చిదంబరం.

మాటామాటా పెరిగింది. కోటిలింగం కొడుకుని పీటల మీంచి లేవమన్నాడు. పాపం, ఆ అబ్బాయి సగం లేచి హిమజ వంక చూస్తూ ఉండిపోయాడు.

చిదంబరం చెల్లెలు వకుళ ఖగోళ శాస్త్రవేత్త. పన్నెండేళ్లు శ్రమించి తయారుచేసిన 'పగటిచూపు' దుర్భిణిని మేనకోడలికి కానుకగా తెచ్చింది. దాని ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్లు ఆకాశపు వెలుగుని తీసేసి చుక్కల్నే మిగులుస్తాయి. ఆ చుక్కలు రోజంతా తిరిగే తీరుని నిమిషంలో చూపిస్తాయి. నిజానికి రెండు చుక్కలూ తిరుగుతాయి. ఎర్రాయిది చిన్న చుట్టు, పాతదానిది పెద్ద చుట్టు, అంతే. చెబితే వినరు, కళ్లారా చూస్తే వియ్యంకులిద్దరూ తగ్గుతారనుకుంది వకుళ.

"గొడవెందుకు అన్నయ్యగారూ? ఏది కదలడం లేదో ఇందులో మీరే చూసి చెప్పండి" అంది కోటిలింగంతో.

కోటిలింగం కన్ను ఆనించి చాలాసేపు చూశాడు. "మాది రవ్వంత కదిలితే ఒట్టు!"

చిదంబరం లాక్కుని చూశాడు. "మాదీ అంతే. మేకు దిగ్గొట్టినట్టుంది!"

వకుళ తెల్లబోయింది. సోమయాజులుగారు కూడా చూసి, గంభీరంగా తల పంకించారు. "ఇద్దరూ స్థిరమే. దోషం లేదు."

పెళ్లికొడుకు మళ్లీ కూర్చున్నాడు. వధూవరులిద్దరూ చూసి, కనబడిందన్నారు. సన్నాయి అందుకుంది.

యంత్రాన్ని పెట్టెలో సర్దుతుంటే వకుళ వేళ్లకి కటకం మీది నల్లమూత తగిలింది. హడావిడిలో తను దాన్ని తీయనేలేదు!

పెళ్లికూతురి పక్కకి చేరి గుసగుసగా అడిగింది. "ఏమే, నీకేం కనబడింది?"

"చీకటి. మూత తియ్యలేదు కదత్తా."

"మరి చెప్పవేం?"

హిమజ చెంగు చాటున నవ్వింది. "చెబితే తీసేస్తావుగా!"

వకుళ మూత ఇంకాస్త బిగించి, వడ్డన చూడ్డానికి వెళ్లింది.