పచ్చ బటన్ తెచ్చిన సంబంధం

"ఆగండి! ఇంకేం నొక్కకండి!"

గుమ్మంలో గొడుగు మడుస్తూనే కేకేశాడు ఎదురు షాపులో కంప్యూటర్లు బాగుచేసే అబ్బాయి.

"నా షాపులో నన్నే ఆగమంటారేంటండీ?" అంది స్టిక్కర్ బోర్డుల అమ్మాయి, మౌస్ మీద చెయ్యి తియ్యకుండానే.

"రమ్మని ఫోన్ చేసింది మీరే కదా."

"బాగుచేస్తారని పిలిచా. కేకలేస్తారని కాదు."

వీధికి అటు అతను, ఇటు ఆమె. ఎవరు ఏం తెచ్చినా ముందు "ఆగండి, చూద్దాం" అంటాడని అతనికి ఆమె ఎప్పుడో 'ఆగండిగారు' అని పేరు పెట్టేసింది. ఆమె ఆగే రకం కాదు. రోడ్డు దాటుతుంటే బళ్ళే ఆమెని చూసి ఆగాలి. ఆ వేడుక అతను రోజూ తన షాపులోంచి చూస్తాడు, చూడనట్టు. చూస్తున్నాడా లేదా అని ఆమె కూడా ఓ కంట కనిపెడుతూనే ఉంటుంది.

ఇవాళ మాత్రం ఆ సరదాకి తీరిక లేదు. కొత్త హాస్పిటల్లో దారి చూపించే బోర్డులు సాయంత్రానికల్లా ఇచ్చెయ్యాలి. ఆమె నాన్న కుంచెతో బోర్డులు రాసి పేరు తెచ్చుకున్న పెయింటర్. కూతురి పోరు పడలేక అక్షరాలు కత్తిరించే మెషీన్ తెచ్చాడు కానీ, మనసింకా కుంచె మీదే ఉంది. "ఈ ఒక్క ఆర్డరూ చూస్తా. మొరాయించిందా, దాన్ని తిరిగిచ్చేస్తా" అని తేల్చేశాడు.

పొద్దున కొత్త కంప్యూటర్లో ఆ మెషీన్ సాఫ్ట్‌వేర్ వేసింది ఆమె. వేసిన దగ్గర్నుంచీ తెర నిండా ప్రకటనలు. ఒకటి మూస్తే రెండు మొలుస్తున్నాయి. మెషీన్ మాత్రం ఉలకదు, పలకదు.

అతను కూర్చోకుండానే నెట్ వైరు పీకేశాడు.

"ఎక్కణ్ణుంచి దించారు?"

"నెట్‌లోంచి."

"నెట్ అంటే సంత మేడం. ఏ కొట్లోంచి?"

"వెతగ్గానే మొదట వచ్చింది. ఇంత పెద్ద పచ్చ బటన్. 'డౌన్‌లోడ్' అని మెరిసిపోతోంది."

"మెరిసిందల్లా నొక్కేస్తారా?"

"మీరైతే దానికి జాతకం చూస్తారేమో!"

"చూస్తా. మొదటొచ్చేవి చాలాసార్లు డబ్బు కట్టి పెట్టించుకున్న ప్రకటనలు. ఆ పచ్చ బటన్ కూడా ప్రకటనే. అసలుది కింద సన్నగా, దిగులుగా ఉంటుంది. ఇదిగో చూడండి, మీరెళ్ళిన సైటు పేరు. కంపెనీ పేరుకి మధ్యలో ఇంకో అక్షరం తగిలించారు."

ఆమె తెర మీదికి వంగి చూసింది. రోజంతా అక్షరాలతోనే పని. ఎక్కడ వంపు తేడా ఉన్నా పట్టేసే కళ్ళు. ఆ కళ్ళకి ఇది ఎలా దొరకలేదో!

"ఇన్‌స్టాల్ చేసేటప్పుడు టిక్కులేమైనా అడిగిందా?"

"అడిగింది. అన్నిటికీ నెక్స్ట్ కొట్టా."

"అంటే ఒక్కర్ని భోజనానికి పిలిచి, వెనకున్న ఊరందర్నీ లోపలికి రానిచ్చారు."

ఆమెకి నవ్వొచ్చింది. వెంటనే నాన్న గుర్తొచ్చి ఆ నవ్వు కాస్తా ఆగిపోయింది.

"దీన్ని మొత్తం తుడిచేసి మళ్ళీ వెయ్యాలి మేడం. మరి డిజైన్లు?" అతని గొంతులో భయం.

"ఆ మొహం ఏంటండీ? అన్నీ నా మెయిల్లో భద్రంగా ఉన్నాయి. నాకు తొందరెక్కువ, అంతే. తెలివి తక్కువేం కాదు."

"హమ్మయ్య. అయితే ముందు మీ ఫోన్లోంచి ఆ మెయిల్ పాస్‌వర్డ్ మార్చెయ్యండి. బ్యాంకుది కూడా. ఈ కంప్యూటర్ని నమ్మొద్దు. నేను పెన్‌డ్రైవ్ తెస్తా."

అతను గొడుగు తీసుకుంటుంటే ఆమె అడ్డొచ్చింది. అంత నెమ్మదిగా ఆమె మాట్లాడటం అతను ఎప్పుడూ వినలేదు.

"ఏవండీ... ఇది నా వల్ల అయిందని నాన్నకి చెప్పకండి. మెషీన్ వెళ్ళిపోతుంది."

"చెప్పను."

ఈసారి ఆగండి, చూద్దాం అనలేదు.

ఆమె ఫోన్ పట్టుకుని లోపలి గదిలోకి వెళ్ళింది. అంతలో వాన తప్పించుకుంటూ నాన్న వచ్చాడు. వైరు పీకినా, అప్పటికే లోపల చేరిన చెత్త ఊరుకుంటుందా? తెర మీద గులాబీ రంగు డబ్బా ఒకటి టింగుమంటూ లేచింది. నాన్న కళ్ళజోడు సవరించుకుని చదివాడు.

"నిన్నే తలచుకుంటున్న అబ్బాయి నీకు దగ్గర్లోనే ఉన్నాడు. ఒప్పుకుంటావా?"

కింద 'ఒప్పుకుంటా' అని పచ్చ బటన్. సరిగ్గా అప్పుడే దగ్గర్లోని అబ్బాయి పెన్‌డ్రైవ్ పట్టుకుని లోపలికొచ్చాడు.

"ఏం బాబూ, ఏంటిది?"

"ఏది అంకుల్?"

"ఈ రాత! మెషీన్ బాగుచెయ్యమంటే మా అమ్మాయికి కబుర్లు రాసిపెట్టి పోతావా?"

అతను తెర చూశాడు. గతుక్కుమన్నాడు. "అయ్యో, ఇది అందరికీ వస్తుందంకుల్..."

"అందరికీ రాస్తున్నావా!"

లోపల ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఎంత ఆపుకున్నా భుజాలు ఊగిపోతున్నాయి.

"నువ్వు కాకపోతే ఎవరు రాశారు? ఎలా వచ్చింది ఇది? చెప్పు."

పచ్చ బటన్ సంగతి చెప్తే అతను ఒక్క నిమిషంలో బయటపడతాడు. లోపలి గది గుమ్మం వైపు ఓసారి చూశాడు.

"నేనే అంకుల్. నేనే రాశా."

ఆమె నవ్వు ఠక్కున ఆగింది. ప్రతి దానికీ పది ప్రశ్నలేసే మనిషి, చెయ్యని తప్పుని ఒక్క ప్రశ్న లేకుండా నెత్తినేసుకున్నాడు. ఊరుకుంటే మెషీన్ దక్కుతుంది. ఊరుకోవడం ఆమెకి రెండు క్షణాలు కూడా చేతకాలేదు.

"అబద్ధం నాన్నా! ఆయన రాయలేదు. పొద్దున నేను దొంగ సైట్లోంచి సాఫ్ట్‌వేర్ దించాను. దాంతో పాటు వచ్చిన ప్రకటన అది. చెప్పొద్దని బతిమాలింది నేనే."

నాన్న కూతుర్ని చూశాడు, అబ్బాయిని చూశాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"సాయంత్రానికి బోర్డులు వస్తాయా, రావా?"

"వస్తాయి నాన్నా."

"నీ మాట నమ్ముతా. కానియ్."

అతను కంప్యూటర్ తుడిచి కొత్తగా సిద్ధం చేశాడు. వైరు పెట్టి, కుర్చీ వదిలేసి పక్కన నిలబడ్డాడు. మిగతాది ఆమే చేసింది. సైటు పేరుని మెషీన్ వెనకున్న స్టిక్కర్ చూసి అక్షరం అక్షరం కొట్టింది. దించిన ఫైలుని యాంటీవైరస్‌తో తనిఖీ చేసింది. అనుమతి ఇమ్మని కంప్యూటర్ అడిగినప్పుడు, అడుగుతున్నది మెషీన్ కంపెనీయేనా అని పేరు చదివింది. అక్కర్లేనివాటికి టిక్కులు తీసేసింది. అతను ఏదో అనబోతే, "ఉండండి, చదువుతున్నాగా!" అని కసిరింది. కసురు తిని అంత సంతోషపడ్డ మనిషిని నాన్న ఎక్కడా చూడలేదు.

మెషీన్ కదిలింది. 'ఎమర్జెన్సీ' అని మొదటి బోర్డు అక్షరాలు బయటికొచ్చాయి. నాన్న బొటనవేలితో 'ర్జె' వంపు మొత్తం తడిమాడు. ఇంకోసారి తడిమాడు.

"నా కుంచెకి ఈ మలుపు ఎప్పుడూ లొంగేది కాదు" అన్నాడు. "ఉండనీ దీన్ని. ఇంకో ఆర్డరు వచ్చినా రాకపోయినా ఉండనీ."

ఆమె నాన్న మెడ చుట్టూ చేతులేసింది. భుజం మీంచి చూస్తే ఎదురుగా అతను, సామాను సర్దుకున్నదే మళ్ళీ సర్దుకుంటున్నాడు.

"ఏం బాబూ, అయితే ఆ మాట నువ్వు రాయలేదన్నమాట" అన్నాడు నాన్న.

"రాయలేదంకుల్." చెవులు ఎర్రబడ్డాయి. "కానీ... అందులో ఉన్నది అబద్ధం కాదు."

బయట వాన కూడా విందామన్నట్టు కాస్త తగ్గింది.

"ఇది నాకు చెప్పాల్సిన మాట కాదు. అటు తిరిగి చెప్పు" అని నాన్న లేచి, ఎండిపోయిన కుంచెలు కడగడానికి పెరట్లోకి వెళ్ళిపోయాడు.

అతను అటు తిరిగాడు. అతను చెప్పేదాకా ఆగకుండా ఆమె ఓ పెద్ద బోర్డు ఒక చివర ఎత్తి, రెండో చివర అతని చేతిలో పెట్టింది.

"రేపు ఇవన్నీ హాస్పిటల్ గోడలకి బిగించాలి. నిచ్చెన పట్టుకోడానికి నమ్మకమైన మనిషి కావాలి. వస్తారా?"

"రేపొక్కరోజేనా?"

"నేను రోజూ ఎక్కుతానండీ" అంది ఆమె. "ఇంతకాలం గోడకి ఆనించి ఎక్కేదాన్ని."

అతను బోర్డు రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాడు.