నీడకు కొలత

ఫోన్లు వ్యాన్‌లోనే వదిలేయాలి. పెళ్లి ఫొటోగ్రాఫర్‌లా తోటలోకి వెళ్లాలి. పెళ్లికూతురి వెనక నీడలో కూర్చునే మనిషి ముఖం తీయాలి. రెండో షిఫ్ట్ గనిలోకి దిగేలోపు ఆ ఫొటో చీఫ్‌కు చేరాలి. ప్రాణాలతో బయటికి రావాలి.

చివరిది చీఫ్ వెంకటప్పయ్య చెప్పింది కాదు. ఏజెంట్ నవత తనే కలుపుకుంది.

"కోడ్ నేమ్ కొంగ. విదేశీ ముఠా మనిషి. వాని ముఖం ఫొటో మన దగ్గర ఒక్కటి లేదు," అన్నాడు చీఫ్ పొద్దున బ్రీఫింగ్‌లో. "ఇయ్యాల ఒక బొగ్గుగని పేలుస్తడట. ఏ గనో తెలవదు. షిఫ్టులు ఆపితే వాడు మాయమై ఇంకోనాడు వస్తడు."

నవత గడియారం చూసింది. ఆమె తండ్రి తిరుపతి దిగేది రెండో షిఫ్ట్‌లోనే.

అశ్వారావుపేట దాటాక పామాయిల్ తోట. బ్యాటరీ ఉన్న ఏ వస్తువు లోపలికొచ్చినా గేటు దగ్గర ముఠా డిటెక్టర్ కూస్తుంది. అందుకే నవత చేతిలో బ్యాటరీ అక్కర్లేని పాత ఫిల్మ్ కెమెరా ఉంది. దాని లెన్స్ చుట్టూ ఉన్న గాజుపలక మీద వెలుతురు పడితే చిన్న కరెంటు పుడుతుంది. ఆ కరెంటు లోపల ఒక ముల్లును కదుపుతుంది. ముల్లు ఆగిన చోటును బట్టి లెన్స్ ఎంత తెరుచుకోవాలో తేలుతుంది. డిటెక్టర్ నోరెత్తలేదు. వ్యాన్ గేటు బయటే ఆపి, డ్రైవర్ మంగీలాల్ సామాను మోస్తూ ఆమె వెంట లోపలికి వచ్చాడు.

పెళ్లికూతురు భార్గవి. ముఠాలో ఉంటూ మనకు పనిచేసే డబుల్ ఏజెంట్. ఈ షూట్ ఏర్పాటు చేసింది ఆమే. ముదురాకుపచ్చ చీరలో రావాల్సిన మనిషి ఎండలో తళతళలాడే తెల్ల గౌనులో వచ్చింది.

"చీరేది?"

"బురదైంది. ఏం, గిట్ల బాగలేనా?" భార్గవి కనుబొమ్మ ఎగరేసింది. "జల్దీ కానీ. ఆయన ఎక్కువసేపు కూసోడు."

ఆమె వెనక చెట్ల నీడలో కొంగ కూర్చుని ఉన్నాడు. నవత కెమెరా కంటికి ఆనించింది. ఈ కెమెరాకు ముఖమేదో గౌనేదో తెలియదు. ముందున్న వెలుతురంతా కలిపి సగటు చూస్తుంది. ఇంత తెలుపు కనిపిస్తే ఎండ దంచుతోందనుకుని లెన్స్‌ను బాగా మూసేస్తుంది. నీడలోని ముఖం నల్లటి ముద్దవుతుంది. ఈ పాఠం భార్గవికి ట్రైనింగ్‌లో చెప్పింది నవతే.

అంటే చీరకు బురద కాలేదు. మనకు ఫొటో ఇప్పించినట్టూ ఉంటుంది, వాళ్ల మనిషి ముఖం దాగినట్టూ ఉంటుంది.

భార్గవి చెయ్యి పూలబుట్టలోకి పోయింది. పారిపోతే నాన్న మిగలడు. దారి ఒక్కటే. బటన్ సగం నొక్కి పట్టుకుంటే ముల్లు ఉన్నచోటే బిగుసుకుంటుంది. ముందు దాన్ని నీడ మీద బిగించాలి, తర్వాత ఇటు తిప్పాలి.

"మంగీలాల్ కాకా! ఆ చెట్టు కింద నిలబడు. లైటింగ్ చూస్త."

మంగీలాల్ నీడలోకి నడిచాడు. "నా ఫొటో ఎందుకు బిడ్డా? నీ పెండ్లికూతురు అలుగుతది." నవ్వుతూనే అన్నాడు గానీ, అతని చూపు పూలబుట్ట మీదే ఉంది.

అతని ఖాకీ చొక్కాకు దగ్గరగా కెమెరా పెట్టి నవత బటన్ సగం నొక్కింది. చెమటకు వేలు జారుతోంది. వదిలితే అంతా పోయినట్టే. అలాగే బిగబట్టి కొంగ వైపు తిరిగింది.

"ఏం చేస్తున్నవ్ నవతా?" భార్గవి గొంతు మారింది. పూలల్లోంచి పిస్టల్ లేచింది.

"ఉరుకు బిడ్డా!" మంగీలాల్ అడ్డం దూకాడు. క్లిక్‌మన్న చప్పుడూ తూటా చప్పుడూ కలిసిపోయాయి.

కంచె దాటి బయట ఆగిన వ్యాన్ దాకా ఎలా పరుగెత్తిందో, దాన్ని ఎలా నడిపిందో నవతకు గుర్తులేదు. అశ్వారావుపేటలో ఒక స్టూడియో చీకటి గదిలో ఫిల్మ్ కడిగింది. ఫొటోలో గౌను వెలిసిపోయి ఉట్టి తెల్లమచ్చ అయింది. దాని పక్కన కొంగ ముఖం, గడ్డం మీది పుట్టుమచ్చతో సహా స్పష్టంగా ఉంది. వ్యాన్‌లోని ఫోన్‌తో దాన్ని చీఫ్‌కు పంపింది, చీఫ్ అన్ని గనుల గేట్లకూ పంపాడు.

తూటా చప్పుడుకు నవత వేలు జారి ఉంటుందని, ఫొటో నల్లగానే వస్తుందని భార్గవి చెప్పిన మాట నమ్మి, కొంగ ప్లాన్ మార్చుకోలేదు. కార్మికుడి వేషంలో గని గేటు దగ్గర నిలబడ్డాడు. రిమోట్ మీదికి వేలు వంగుతుండగా, పుట్టుమచ్చను గుర్తుపట్టిన గార్డు అతని మణికట్టు విరిచాడు. భార్గవి అదే గౌనులో చెక్‌పోస్టు దగ్గర దొరికింది. సాయంత్రం తిరుపతి ఫోన్ చేసి, షిఫ్ట్ ఆలస్యమైతే పైసలు కోస్తరేమోనని గొణిగాడు. నవత ఏడుస్తూ విన్నది.

ఆ ఫొటోలో మంగీలాల్ లేడు. డిపార్ట్‌మెంట్ రిపోర్టులో "డ్రైవర్ ఒకరు మృతి" అని మాత్రమే ఉంది. కొంగ ముఖాన్ని పట్టిచ్చిన వెలుతురు మాత్రం అతని చొక్కా మీద కొలిచిందే. మంగీలాల్ అన్న పేరు మీరైనా గుర్తుపెట్టుకోండి.