తీసిపెట్టిన కూర

పొద్దున్నే ఖాతూన్‌బీ నోరు లేచిందంటే ప్రొద్దుటూరులో ఆ వీధి వీధంతా లేవాల్సిందే. రాజధాని ఇంకా కర్నూల్లోనే ఉన్న రోజులవి. బక్రీదు పోయిన మరునాడు తెల్లారీ తెల్లారకముందే ఆమె మొదలుపెట్టింది.

"ఒమే మాబున్నీ! తునకల మీదికి కాకి వాలతాంటే సూస్తా నిలబడినావే, కండ్లు యాడ పెట్టినావు?"

కోడలు మాబున్ని ఉలిక్కిపడి కాకిని తోలింది. పెరట్లో దండెం మీద ఉప్పూ పసుపూ పట్టించిన మాంసం తునకలు ఎండుతున్నాయి. పండక్కి కలిగినోళ్లు పంచిపెట్టిన మాంసం అది. దూది ఏకి పరుపులు కుట్టుకునే ఇంటికి సొంతంగా పొట్టేలును కోసే స్తోమత ఎక్కడిది? వచ్చినదాంతోనే ఖాతూన్‌బీ సంసారం నడిపేది. కొంత ఎండబెట్టేది. కొంత పులుసు పెట్టేది. మరునాడు ఆ పులుసులో ముక్కల్ని ఎముకల నుంచి ఒలిచి, శెనగబేళ్లతో రోట్లో నూరి, పెనం మీద వడలు కాల్చేది. ఆ ఎముకల్నే గోగాకుతో ఉడికించి సంగటిలోకి వడ్డించేది. ఆమె చేతిలో పడితే ఎముక కూడా ఇంక నన్ను వదిలెయ్ తల్లీ అని మొరపెట్టుకోవాల్సిందే.

రుచి మాత్రం వంక పెట్టడానికి లేదు. ఆ మాట ఆమెను తిట్టుకునేవాళ్లు కూడా ఒప్పుకుంటారు.

మాబున్నికి ఏడో నెల. తొలికాన్పుకు పిలుచుకుపోవడానికి ఆమె తల్లి దిల్షాద్‌బీ ఆ పొద్దు జమ్మలమడుగు నుంచి వస్తోంది. రోలు కడుగుతూ మాబున్ని మెల్లగా కదిపింది.

"అత్తా, ఈ పొద్దు మా అమ్మ వస్తాంది గదా. కొంచెం తాజా మాంసం తెప్పిద్దామా?"

"ఉట్టి మీద కూర పెట్టుకోని తాజా మాంసమా? మీ అమ్మేమన్నా కలెక్టరా?"

"నిన్నటిది పెడితే ఏమనుకుంటాదో..."

"ఏమనుకుంటాది? ఏళ్లు నాక్కుంటా తింటాది. నోరు మూసుకోని ఆ బేళ్లు నానెయ్యి!"

మాబున్ని నోరు మూసుకుంది గానీ మొహం మూసుకోలేదు. ఆ మూతి విరుపు చూసి ఖాతూన్‌బీకి ఒళ్లు మండింది. మాటకు మాట చెప్పే కోడలితోనైనా వేగొచ్చు, మూతి విరిచే కోడలితో ఎట్లా వేగేది?

అదొక్కటేనా? కొడుకు కరీముల్లా మీద కూడా ఆమెకు కోపమే. కొన్నాళ్లుగా మాంసం వండిన రోజల్లా వాడు పళ్లెంలో రెండు ముక్కలు వదిలేసి లేస్తున్నాడు. అడిగితే ఆకలి లేదంటాడు. దూది ఏకే మొగోడికి ఆకలి లేకపోవడమేంది? కోడలేమో ఆ పళ్లెం ఎత్తుకుని చప్పుడు లేకుండా పెరట్లోకి పోతుంది. ముక్కల్ని కుక్కకు పారేస్తోందని ఖాతూన్‌బీ తీర్మానం. కడిగేద్దామని చాలాసార్లు అనుకుంది గానీ, కడుపుతో ఉన్న పిల్ల కదా అని పళ్లు కొరుక్కుని ఊరుకుంది.

మధ్యాహ్నానికి దిల్షాద్‌బీ బస్సు దిగి, బొరుగుల మూట చంకన పెట్టుకుని చెమటలు కక్కుకుంటూ వచ్చింది. కరీముల్లా కూడా జుట్టు నిండా దూదితో అప్పుడే ఇల్లు చేరాడు. ఇద్దరినీ చాప మీద కూర్చోబెట్టి ఖాతూన్‌బీ వడ్డించింది. వేడి వేడి వడలు, రాగి సంగటి, గోగాకులో ఉడికిన ఎముకలు.

దిల్షాద్‌బీ ఒక వడ తుంచి నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది.

"యా అల్లా! ఏమేసినావు వదినా దీంట్లో? మా ఊర్లో పెండ్లిండ్లలో గూడా ఇట్లాంటిది తినలేదు."

"ఏముంది, చెయ్యి ఉండాది గదా," అంది ఖాతూన్‌బీ పొంగిపోతూ. ఇంకో వడ వేసింది. దిల్షాద్‌బీ వద్దంటూనే పళ్లెం ముందుకు జరిపి, వేళ్లు నాకింది.

గోడకు ఆనుకుని నిలబడిన మాబున్ని అదంతా చూసింది. తల్లి వేళ్లు నాకుతుంటే ఆ పిల్లకు తల కొట్టేసినట్టయింది. ఇక ఆపుకోలేకపోయింది.

"తినొద్దు మా! పెట్టెయ్ పళ్లెం. అది ఎంగిలి కూర!"

దిల్షాద్‌బీ చెయ్యి నోటి దగ్గరే ఆగిపోయింది. ఖాతూన్‌బీ చేతిలో గంటె కింద పడింది.

"ఏమన్నావే?"

"ఉండేదే అన్నా. నిన్న అందరూ తిన్యాక కుండలో సూస్తే పులుసు సుక్క లేదు, ముక్క లేదు. ఉత్త అడుగే. మరి ఆ ఉట్టి మీదికి, ఈ వడల్లోకి మాంసం యాడ నుంచి వచ్చింది? నిన్న సుట్టాలు తిని వదిలేసిన పళ్లేల్లో నుంచి గాకుంటే?"

ఖాతూన్‌బీ ఒంటికాలి మీద లేచింది. "నీ నోరు పడిపోను! ఎవురి ఇంట్లో నిలబడి ఎవుర్ని అంటాండావే ఆ మాట? ఎంగిలా? నా ఇంట్లో ఎంగిలా?"

"అమ్మా, ఊరుకో," అంటూ కరీముల్లా లేవబోయాడు.

"నువ్వు కూసోరా! ఈ పొద్దు తేలిపోవాల."

విసురుగా వంటింట్లోకి పోయి ఉట్టిలోంచి కుండ దించుకొచ్చింది. మూత తీసి దిల్షాద్‌బీ ముందు ఠపీమని పెట్టింది. కుండలో ఇంకా సగం దాకా కూర ఉంది.

"సూడు వదినా. కండ్లు ఇప్పుకోని సూడు. పొయ్యి మీద నుంచి దించంగానే, ఒక్క పళ్లెంలోకి గంటె పడకముందే, తీసి ఉట్టికెక్కించిన కూర ఇది. రాత్రీ పొద్దునా వెచ్చబెట్టినా. దీంట్లో ఎవురి ఏలూ పడలే. ఎందుకు తీసిపెడతాండానో తెలుసునా నీకు?"

చేతిలో మూతతోనే కొడుకు వైపు చూపించింది.

"వీడి నాయన పోయినప్పుడు వీడు ఇంతుండె. కరువు కాలం. పెండ్లిండ్లలో గిన్నెలు తోముతాంటి. జనం తిని లేచిన పళ్లేల్లో ముక్కలు ఏరి, కొంగులో మూట కట్టుకొచ్చి వీనికి పెడతాంటి. వీధిలో పిల్లోళ్లు వీన్ని ఎంగిలోడా అని పిల్చినారు వదినా! ఏడ్సుకుంటా వచ్చి నా ముందరే కక్కుకున్యాడు. ఆ పొద్దు వొట్టేసుకున్యా. నా ఇంట్లో ఇంకెవురూ ఎంగిలి తినకూడదని. అందుకే రేపటిది ముందే తీసిపెడతా. అట్లాంటి నన్ను పట్టుకోని, ఇది, ఈ పిల్ల..."

కరీముల్లా తల వంచుకున్నాడు. దిల్షాద్‌బీ కూతురి వైపు తిరిగి కళ్లెర్ర చేసింది.

"సిగ్గు లేదా మే నీకు? అత్తను అనే మాటేనా అది? కాళ్ల మీద పడు ముందు!"

మాబున్ని పడలేదు. ఉట్టిలోంచి దిగిన కుండ వైపే చూస్తోంది. ఆ పిల్ల మొహంలో కోపం పోయి, ఇంకేదో వచ్చింది.

"ఇంత కూర ఉండెనా అత్తా, నిన్న?"

"ఉండె! లేకుంటే మంత్రమేసి తెచ్చినానా?"

"అట్లయితే నేను తింటాండేదేంది?"

"ఏంది నువ్వు తింటాండేది?"

"మాంసం వండిన రోజల్లా సగం నువ్వు తీసి దాస్తాండావు. ఉండేది మొగోళ్లకూ సుట్టాలకూ పెడతాండావు. నా వంతుకు కుండ అడుగే గదా మిగిలేది. ఆయన పళ్లెంలో రెండు ముక్కలు వదిలిపెడతాండాడు. పెరట్లో కూసోని అయ్యే తింటాండా. నీ ఇంట్లో ఎంగిలి తినేది నేనే అత్తా. రోజూ నేనే!"

దండెం మీద మళ్లీ కాకి వాలింది. ఈసారి ఎవరూ తోలలేదు.

"కుక్కకు ఏస్తాండావనుకుంటి," అంది ఖాతూన్‌బీ. అది ఆమె గొంతులాగా లేదు.

కరీముల్లా తలెత్తకుండానే చెప్పాడు. "ఆకలి లేక కాదమ్మా. దానికి మిగలదని వదుల్తాండా."

దిల్షాద్‌బీ దిగ్గున లేచింది. అంతదాకా కూతుర్ని తిట్టిన నోరే ఇప్పుడు ఇటు తిరిగింది. "కడుపుతో ఉండే నా బిడ్డ మొగుని ఎంగిలి ఏరుకోని తింటాందా? మా ఇంట్లో తిండి లేక పంపిచ్చినామా వదినా? పద మే, మూట కట్టు. కాన్పయినా సరే, బిడ్డ నడిసినా సరే, మళ్లా ఈ గడప తొక్కేది లేదు!"

మనవడో మనవరాలో ఈ చాప మీద పారాడాలని ఖాతూన్‌బీ ఎన్నాళ్ల నుంచి కాచుకుని ఉంది! అది కాస్తా బొరుగుల మూటతో పాటు బస్సెక్కి పోతుంది. అయినా అలవాటైన నోరు కదా, ముందు కొడుకు మీద పడింది.

"నోరు లేదా రా నీకు? ఒక్క మాట సెప్పలేవా?"

"నీ ముందర ఎవురికి నోరుంటాదమ్మా?"

ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. ఔను, వడ్డించి చేతులు కడుక్కుని నమాజుకు లేచిపోయేది తను. వెనక కుండలో ఏముందో, ఆ పిల్ల పళ్లెంలో ఏం పడిందో ఒక్కనాడైనా చూసిందా? ఎంగిలోడా అని కొడుకును పిలిచినోళ్లను ఇన్నేళ్లూ తిట్టుకుంది. ఆ ఎంగిలినే తన చేత్తో ఇంట్లోకి తెచ్చి పెట్టింది. అదీ ఎవరికి? కడుపులో బిడ్డను మోస్తున్న పిల్లకు. ఖాతూన్‌బీ కళ్లలోంచి నీళ్లు బొటబొటా కారాయి. తుడుచుకోలేదు.

వంటింట్లోకి పోయి కడిగిన పళ్లెం తెచ్చింది. చాప మీద పెట్టి, కుండలో కూరంతా దాంట్లోకి వంచింది. పెనం మీద ఉన్న వడలన్నీ తెచ్చి పక్కన పేర్చింది. మాబున్ని చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

"తిను."

"అత్తా, ఇంతా?"

"తినే! మాట్లాడినావంటే కాళ్లిరగ్గొడతా."

దిల్షాద్‌బీ మూట చంకనే పెట్టుకుని నిలబడి ఉంది. ఆమె మొహం ఇంకా గంటు పెట్టుకునే ఉంది గానీ, కాళ్లు మాత్రం గడప వైపు కదలలేదు.

మాబున్ని ఒక ముక్క తీసింది. నోట్లో పెట్టుకోకుండా అత్త మొహం చూసింది. ఖాతూన్‌బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చిన్నపిల్లలా వెక్కుతోంది.

"నువ్వు నిన్న తిన్యావా అత్తా?"

"కారంతో సంగటి తిన్యాలే. నాదేముంది."

మాబున్ని ఆ ముక్కను అత్త నోటి దగ్గరకు తీసుకుపోయింది. "ముందు నువ్వు తిను. అప్పుడే నేను తినేది. బిడ్డనెత్తుకోని ఈడికొచ్చినాక గూడా ఇంతే."

ఆ మాట విని దిల్షాద్‌బీ ఉఫ్ మని, మూట గోడవార దించి మళ్లీ చాప మీద కూలబడింది. "నా వడ యాడ పోయిందిరా అల్లుడా?" అంది విసుక్కుంటూ.

ఖాతూన్‌బీ ఆ ముక్క నమిలింది. కన్నీళ్ల ఉప్పు తగిలింది నోటికి. అత్తా కోడలూ ఒకే పళ్లెంలో చేతులు పెట్టారు. కూర సగానికి వచ్చాక మాబున్నికి అలవాటు కొద్దీ భయమేసింది.

"అత్తా, అంతా తినేస్తాండాం. మరి రేపటికి?"

"రేపటికి పొయ్యి లేదా, నాకు చేతుల్లేవా?" ఖాతూన్‌బీ కసిరింది. "ఈ పొద్దుకు నువ్వు తిను!"