విప్పకూడని కవరు

ఎక్స్‌-రేలు తీసే అతను డార్క్‌రూమ్‌లో చచ్చిపడున్నాడు. సైలెన్సర్ పిస్టల్. ఒకే గుండు.

"జలాంతర్గామి ప్లాన్ ఫిలిం మీదకి ఎక్కించేశారు," అన్నాడు చీఫ్. "శాశ్వతంగా దేశం వదిలెళ్ళే వాళ్ళ మెడికల్ కవర్లో పెట్టి దాటిస్తున్నారు. సీలేసిన కవరు వీసా కౌంటర్ దాకా ఎవడూ విప్పడు. పదకొండుకి కౌంటర్ తెరుస్తారు. ఏ కవరో తేల్చు."

ఏజెంట్ గద్ద ముందు ఆసుపత్రికి పరిగెత్తాడు.

"దగ్గు తగ్గిందా?"

"మందు మారింది," అంది లేడీ డాక్టర్, కోడ్ ప్రకారం. రెండేళ్ళుగా డిపార్ట్‌మెంట్‌కి ఉప్పందిస్తున్న మనిషి. ఆవిడ నవ్వితే మంచం పట్టినవాడు కూడా లేచి తల దువ్వుకుంటాడు. "విప్పి మళ్ళీ అంటించిన కవరు ఒకటుంది. అదే నీది."

గద్ద సెక్యూరిటీ గార్డు వేషంలో వీసా క్యూ వెంట నడిచాడు. అతని పెన్ను టార్చి వెలుగులో ఆసుపత్రి జిగురు నీలంగా మెరుస్తుంది. పదకొండు కవర్లు మెరిశాయి. పన్నెండోది మెరవలేదు. అది ఒక తల్లి గుండెలకి హత్తుకున్న కవరు.

"ఎవరు విప్పారు?"

తల్లి మొహం పాలిపోయింది. "నేనే సార్. పిల్లకి చిన్నప్పుడు న్యుమోనియా. ఊపిరితిత్తుల్లో మచ్చేదన్నా మిగిలిందేమోనని ప్రాణం ఆగలేదు. చూసి అన్నం మెతుకులతో అంటించా."

"విప్పొద్దని నెత్తీ నోరూ కొట్టుకున్నానుగా అమ్మా!" అంది కూతురు.

"నువ్వూరుకోవే. కీడెంచి మేలెంచాలి. సార్, రేపటికి దీనికి ఇరవై ఒకటి నిండుతుంది. ఇవాళ వీసా పడకపోతే పిల్లల లెక్కలోంచి తీసేస్తారు, నాతో పంపరు. వాళ్ళ నాన్న ఏడేళ్ళుగా అక్కడ ఎదురుచూస్తున్నాడు. ఎవరికీ చెప్పకండి, మీకు దణ్ణం పెడతా."

గద్ద కవరు లాక్కుని చర్రున చింపాడు.

లోపల రెండు ఊపిరితిత్తులు. మచ్చ లేదు. ప్లానూ లేదు.

పదకొండయింది. కౌంటర్ తెరిచారు. నెరిసిన జుట్టున్న ఒకావిడ తన కవరు ముందుకి చాపింది.

"దగ్గు తగ్గిందా?" అడిగాడు గుమాస్తా.

"మందు మారింది."

గద్ద ఒక్క దూకు దూకాడు. కవరు అవతలి చేతిని తాకుతుండగా పట్టేశాడు. రెండో చేతికి విగ్గు ఊడొచ్చింది. కింద లేడీ డాక్టర్! కవర్లో రెండు ఫిలింలు: ఒకటి ఎక్స్‌-రే, ఒకటి ప్లాన్. ఈ పనికి ఆవిడకి ముట్టాల్సిన ఫీజు శాశ్వత వీసా.

"రోజూ ఎవరో ఒక తల్లి విప్పుతూనే ఉంటుంది," బేడీలు పడుతుంటే నవ్విందావిడ. "నిన్ను అటు తోలడానికి అది చాలదూ?"

గుమాస్తానీ పట్టుకుపోయారు. ఆ కుర్చీలో వేరే ఆఫీసరు కూర్చుంది. చిరిగిన కవరుని రెండు వేళ్ళతో ఎత్తి చూసింది. "సీలు పోయింది. మళ్ళీ మెడికల్‌కి వెళ్ళండి. రెండు వారాలు."

"ఈ సారుగారే చింపారండీ!" తల్లి గద్ద వైపు తిరిగింది. "సార్, ఒక్క మాట చెప్పండి సార్!"

గద్ద చెవిలో చీఫ్ గొంతు: "నువ్వక్కడికి వెళ్ళలేదు. ఏ కవరూ చింపలేదు."

"ఎవరమ్మా నువ్వు?" అన్నాడు గద్ద.

"మచ్చ లేదుగా అమ్మా," అంది కూతురు. "ఇప్పుడు ప్రాణం కుదుటపడిందా?"

దేశ రహస్యం గడప దాటలేదు. ఆ పిల్లా దాటలేదు.